గింజలోనూ గడ్డిలోనూ ఒకే చక్కెర

వరిచేను కోతకు వచ్చాక రైతు ఇంటికి చేరేవి ప్రధానంగా రెండు, గింజ ఒకటి, గడ్డి ఒకటి. గింజ మనిషికి అన్నమవుతుంది, గడ్డి పశువుకు మేత అవుతుంది. పశువు గింజనూ తినగలదు గాని మనిషి గడ్డి తిని బతకలేడు. అయితే బియ్యపు పిండినీ గడ్డిలోని పీచునూ వేరువేరుగా ఆమ్లంతో మరిగించి, వాటి అణువులు పూర్తిగా తెగిపోయేదాకా ఉంచి పరీక్షిస్తే, రెంటి నుంచీ ప్రధానంగా తేలేది ఒకే చక్కెర. దాని పేరు గ్లూకోజు. కడుపు ఒకదానిని ఆహారంగా స్వీకరించి మరొకదానిని నిరాకరించడానికి కారణం ముడిసరుకులోని తేడా కాదనీ, ఆ ముడిసరుకు ముక్కలను కలిపే బంధం తిరిగిన దిక్కులో మాత్రమే తేడా ఉందనీ తేల్చడానికి రసాయన శాస్త్రానికి నూరేళ్ళకు పైగా పట్టింది. ఆ అన్వేషణలో తెలిసివచ్చిన మూల విషయాలే ఈ ప్రసంగానికి వస్తువు.

తెలుగు నేలపై కొన్ని ప్రాంతాలలో పంచదారనే చక్కెర అంటారు గనుక, ఇక్కడ చక్కెర అన్న మాటను ఒక రసాయన వర్గానికి మొత్తంగానూ, పంచదార అన్న మాటను ఆ వర్గంలోని ఒకే ఒక పదార్థానికీ వాడడం జరుగుతుంది. చక్కెరలు, పిండి, పీచు, వీటన్నిటికీ కలిపి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కార్బోహైడ్రేట్లు. పాఠ్యపుస్తకాలలో పిండిపదార్థాలు అన్నా ఇవే. వీటిలో చాలావాటికి కార్బన్ పరమాణువులు కొన్ని, నీటి అణువులు కొన్ని కలిసినట్టు కనిపించే సూత్రం ఉండడం వల్ల ఆ పేరు వచ్చింది గాని, నిజానికి వీటిలో నీరు నీరుగా లేదు. పేరు చూపిన లెక్కను గట్టిగా పట్టుకుంటే పొరపాటు తప్పదు; సిరకాకు పులుపునిచ్చే ఎసిటిక్ ఆమ్లం ఆ లెక్కకు సరిగ్గా సరిపోతుంది గాని కార్బోహైడ్రేటు కాదు, జన్యుపదార్థంలో ఉండే డీఆక్సీరైబోజు ఆ లెక్కకు సరిపోదు గాని అసలైన చక్కెర. అందుచేత ఇప్పటి నిర్వచనం వేరు. కార్బన్ పరమాణువులు వరసగా ముడిపడి, వాటిలో దాదాపు ప్రతిదానికీ ఒక ఆక్సిజనూ ఒక హైడ్రోజనూ కలిసిన హైడ్రాక్సిల్ అనే జంట అంటి ఉండి, ఒక్క కార్బన్ మాత్రం ఆక్సిజన్‌తో రెండు బంధాలు పెట్టుకుని ఉంటే ఆ పదార్థం సరళమైన చక్కెర. ఆ ప్రత్యేకమైన కార్బన్ వరస చివర ఉంటే ఆల్డిహైడు అనీ, లోపల ఉంటే కీటోను అనీ అంటారు. గ్లూకోజు మొదటి తెగకు చెందినది, పండ్లలోనూ తేనెలోనూ పుష్కలంగా ఉండే ఫ్రక్టోజు రెండవ తెగకు చెందినది. హైడ్రాక్సిల్ జంటలు నీటితో ఇట్టే పొత్తు కుదుర్చుకుంటాయి గనుకనే చక్కెరలు నీటిలో అంత తేలికగా కరుగుతాయి.

గ్లూకోజు చరిత్ర బెర్లిన్‌లో మొదలవుతుంది. బీటుదుంపలో ఉన్నది చెరకులోని పంచదారే అని 1747లో చూపిన ఆండ్రియాస్ మార్‌గ్రాఫ్, ఎండుద్రాక్షలో పంచదార కాని మరొక తీపి పదార్థం ఉందని కూడా గుర్తించాడు. 1811లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో గాట్లీబ్ కిర్కాఫ్ పిండిని నీరు కలిపిన గంధకామ్లంతో మరిగించి తియ్యని పాకం తీశాడు. 1819లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆన్రీ బ్రాకొనో చేసిన పని ఇంతకంటే విడ్డూరమైనది. ఆయన పాత నారబట్ట పేలికలను అదే ఆమ్లంతో విడగొట్టి వాటి నుంచి కూడా చక్కెర తీశాడు. ఎండుద్రాక్ష నుంచి, పిండి నుంచి, పేలికల నుంచి వచ్చిన చక్కెర ఒకటేనని క్రమంగా స్థిరపడింది. ఒకటే అయితే పిండికీ గుడ్డకూ భేదం ఎక్కడ ఉందన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోయింది, ఎందుకంటే దానికి జవాబు చెప్పాలంటే ముందు గ్లూకోజు అణువులో ఏ పరమాణువు ఎటు తిరిగి ఉందో తెలియాలి.

ఇక్కడే చిక్కు వచ్చిపడింది. గ్లూకోజు అణువులో 6 కార్బన్, 12 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. ఫ్రక్టోజులోనూ సరిగ్గా అంతే. పాల నుంచి వచ్చే గాలక్టోజులోనూ, కొన్ని చెట్ల గింజల నుంచి వచ్చే మానోజులోనూ అదే లెక్క. పరమాణువుల సంఖ్య ఒకటే అయి, అమరిక మాత్రం వేరైన ఇటువంటి పదార్థాలను సాదృశ్యకాలు అంటారు. కార్బన్ పరమాణువుకు ఉండే నాలుగు బంధాలు కాగితం మీద గీసినట్టు ఒకే తలంలో ఉండవని, నాలుగు దిక్కులకు విరజిమ్మినట్టు ఉంటాయని 1874లో హాలెండు దేశీయుడు వాంట్ హాఫ్, ఫ్రాన్సులో లె బెల్ ఎవరికి వారే ప్రతిపాదించారు. దాని ఫలితం ఏమంటే, ఒక కార్బన్‌కు నాలుగు వేరువేరు గుంపులు అంటి ఉన్నప్పుడు వాటిని రెండు విధాలుగా అమర్చవచ్చు, ఆ రెండూ ఒకదానికొకటి అద్దంలోని ప్రతిబింబంలా ఉంటాయి, ఎంత తిప్పినా ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడవు. గ్లూకోజు గొలుసులో అటువంటి కార్బన్లు నాలుగు ఉన్నాయి. ఒక్కొక్కదానికి రెండేసి అమరికల చొప్పున మొత్తం 16 రూపాలు సాధ్యమవుతాయి. ప్రకృతిలో దొరికే గ్లూకోజు ఆ పదహారింటిలో ఏది?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవాడు జర్మన్ రసాయనజ్ఞుడు ఎమిల్ ఫిషర్. అణువును కంటితో చూడగల సాధనం ఏదీ లేని కాలంలో, గాజుపాత్రలు, మంట, తర్కం, ఈ మూడింటితోనే ఆయన సాధించిన ఆ నిర్ణయానికి సాటి రాగల తార్కిక విజయాలు ప్రయోగ రసాయన శాస్త్రంలో చాలా కొద్ది. చక్కెరలతో పని చేసేవారిని అన్నిటికంటే వేధించేది వాటి జిగట. కొద్దిపాటి మలినం ఉన్నా అవి పలుకు కట్టక పాకంలా మిగిలిపోతాయి, పలుకు కట్టనిదే శుద్ధి చేయడం కుదరదు. ఫిషర్ 1875లో తాను కనుగొన్న ఫినైల్‌హైడ్రజీన్ అనే ద్రవాన్ని చక్కెరలతో కలిపి వేడి చేస్తే ఓసజోన్లు అనే చక్కని పసుపుపచ్చ స్ఫటికాలు ఏర్పడతాయని 1884లో గమనించాడు. గ్లూకోజు, మానోజు, ఫ్రక్టోజు మూడూ ఒకే ఓసజోనును ఇచ్చాయి. ఆ ద్రవం గొలుసులోని ఒకటవ, రెండవ కార్బన్ల మీద మాత్రమే పని చేసి అక్కడి తేడాలను తుడిచిపెడుతుంది గనుక, మూడవ కార్బన్ నుంచి చివరి వరకు ఈ మూడు చక్కెరల అమరిక ఒకటేనని తేలిపోయింది. ఇటువంటి మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతూ, మధ్యలో 1890 నాటికి గ్లిజరాల్ నుంచి బయలుదేరి గ్లూకోజును ప్రయోగశాలలోనే తయారు చేసి చూపి, 1891లో ఆయన గ్లూకోజు అమరికను ప్రకటించాడు. 1902లో నోబెల్ బహుమతి ఆయనను వరించింది. ఆ ఫినైల్‌హైడ్రజీన్ విషపదార్థమనీ, దానితో ఏళ్ళ తరబడి మెలగడం వల్ల ఆయన ఆరోగ్యం దెబ్బతిన్నదనీ కూడా చెప్పుకోవాలి.

ఫిషర్ తర్కంలో ఒకే ఒక్క చోట ఊహ ఉంది. తాను నిర్ణయించిన రూపమా, దాని ప్రతిబింబమా అన్నది ఆనాటి ఏ ప్రయోగమూ తేల్చలేదు గనుక, రెంటిలో ఒకదానిని ఆయన ఎంచుకుని మిగతా అన్నిటినీ దానికి అనుగుణంగా గీశాడు. తప్పు కావడానికి సగం అవకాశం ఉన్న ఎంపిక అది. 1951లో హాలెండులో బైఫూట్ అనే శాస్త్రజ్ఞుడు ఎక్స్ కిరణాల సాయంతో టార్టారిక్ ఆమ్లపు లవణం ఒకదాని అమరికను నేరుగా కనిపెట్టినప్పుడు, ఫిషర్ ఎంపిక సరైనదేనని రుజువైంది. అప్పటికి ఫిషర్ గతించి 32 ఏళ్ళు.

అయినా గ్లూకోజు ప్రవర్తనలో ఒక విషయం ఆ గొలుసు బొమ్మకు లొంగలేదు. కాంతి తరంగాలను ఒకే తలంలో కదిలేట్టు వడగట్టి చక్కెర నీటి గుండా పంపితే ఆ తలం పక్కకు తిరుగుతుంది. ఎంత తిరిగిందో కొలిచి చక్కెర ఏదో, ఎంత ఉందో చెప్పవచ్చు. పంచదార కర్మాగారాలలో చెరకు రసపు నాణ్యతను ఇప్పటికీ కొలిచేది ఈ పద్ధతిలోనే. గ్లూకోజు పలుకును అప్పటికప్పుడు నీటిలో కరిగించి కొలిస్తే ఈ తిరుగుడు 112 డిగ్రీలుగా ఉండి, కొన్ని గంటలలో తగ్గుతూ వచ్చి 52.7 దగ్గర నిలిచిపోతుందని 1840ల్లో ఫ్రాన్సులో దుబ్రన్‌ఫో గమనించాడు. పలుకులో లేనిది నీటిలో ఏదో జరుగుతోందన్నమాట. జరిగేది ఇది. గ్లూకోజు గొలుసు నిటారుగా నిలిచి ఉండదు. అయిదవ కార్బన్ మీది ఆక్సిజన్ వెనక్కు వంగి ఒకటవ కార్బన్‌ను పట్టుకోగా, అయిదు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసిన ఆరు మూలల వలయం ఏర్పడుతుంది. వలయం మూసుకున్న చోట ఒకటవ కార్బన్‌కు కొత్తగా ఒక హైడ్రాక్సిల్ వస్తుంది. అది వలయానికి కింది వైపుకు ఉంటే ఆల్ఫా గ్లూకోజు, పై వైపుకు ఉంటే బీటా గ్లూకోజు. నీటిలో వలయాలు విచ్చుకుంటూ మళ్ళీ మూసుకుంటూ ఉండగా చివరికి ఆల్ఫా దాదాపు 36 శాతంగానూ బీటా 64 శాతంగానూ కుదురుకుంటాయి, విచ్చుకుని ఉన్న గొలుసు ఏ క్షణంలోనైనా అతి స్వల్పం. వలయానికి ఆరు మూలలు ఉన్నాయని 1920ల్లో రుజువు చేసిన ఆంగ్లేయుడు నార్మన్ హావర్త్ 1937లో నోబెల్ బహుమతిని పంచుకున్నాడు. ఈ పైకీ కిందికీ ఉన్న తేడా ఎంత చిన్నదిగా తోచినా, గింజకూ గడ్డికీ భేదం ఇక్కడే పుట్టింది.

బీటా గ్లూకోజుకు మరొక విశేషం ఉంది. దాని వలయానికి అంటి ఉన్న పెద్ద గుంపులన్నీ బయటి వైపుకే చాచి ఉండి, ఒకదాని చోటు ఒకటి ఆక్రమించకుండా సర్దుకుంటాయి. మానోజులో రెండవ కార్బన్ దగ్గర, గాలక్టోజులో నాలుగవ కార్బన్ దగ్గర ఒక్కొక్క గుంపు నిలువుగా లేచి పక్కవాటితో ఇరుకున పడుతుంది. జీవకోటి తన ముఖ్య ఇంధనంగా గ్లూకోజునే ఎంచుకోవడానికి ఈ నిలకడ ఒక కారణమని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

తీపి విషయానికి వస్తే, సూత్రం ఒకటైనంత మాత్రాన రుచి ఒకటి కాదు. పంచదార తీపిని 100గా తీసుకుంటే గ్లూకోజు తీపి సుమారు 70, పాలచక్కెర తీపి 20 దాకా మాత్రమే ఉంటుంది. ఫ్రక్టోజు తీపి మాత్రం పంచదారను మించుతుంది. పైగా ఫ్రక్టోజు చల్లగా ఉన్నప్పుడు అతి తియ్యని వలయరూపంలో ఎక్కువగా ఉండి, వేడెక్కిన కొద్దీ అంత తీపి లేని రూపాలలోకి మారుతుంది గనుక, దానితో తియ్యబడిన పానీయం చల్లగా తాగినప్పుడే ఎక్కువ తియ్యగా తోస్తుంది. తేనెలో ఫ్రక్టోజు 38 శాతం, గ్లూకోజు 31 శాతం దరిదాపుల్లో ఉంటాయి. గ్లూకోజుకు ఫ్రక్టోజు అంతగా నీటిలో కరిగే గుణం లేనందువల్ల చలికాలంలో అది పలుకు కట్టి సీసా అడుగున పేరుకుంటుంది. అటువంటి తేనెను చూసి పంచదార పాకం కలిపారని అనుమానించడం తెలుగు ఇళ్ళలో సర్వసాధారణం, కాని పేరుకోవడం ఒక్కటే కల్తీకి రుజువు కానేరదు.

రెండు సరళ చక్కెరలు కలిసి, మధ్య నుంచి ఒక నీటి అణువును వదిలిపెట్టి ముడిపడితే జంట చక్కెర ఏర్పడుతుంది. పంచదార అటువంటిదే, దాని రసాయన నామం సుక్రోజు, అందులో ఒక గ్లూకోజు, ఒక ఫ్రక్టోజు ఉంటాయి. ఈ ముడి రెంటి విచ్చుకునే చోట్లనూ కట్టిపడేస్తుంది. విచ్చుకోగల చక్కెర రాగి లవణపు నీలి ద్రావణాన్ని వేడిలో ఇటుక ఎరుపుగా మారుస్తుంది. దీనినే క్షయకరణ గుణం అంటారు. ఒకప్పుడు ఆసుపత్రులలో మధుమేహ రోగుల మూత్రాన్ని గాజునాళికలో మరిగించి చేసిన బెనెడిక్ట్ పరీక్షకు ఆధారం ఇదే. పంచదారకు ఈ గుణం లేదు. అది నిలవ ఉండగలగడానికి, గొనె సంచుల్లో దేశదేశాలకు వెళ్ళగలగడానికి ఈ ఉదాసీనత చాలా వరకు కారణం.

పంచదార ముడిని విప్పడానికి కొద్దిపాటి పులుపూ వేడిమీ చాలు. నీటి సాయంతో అణువు తెగే ఈ చర్యను జలవిశ్లేషణ అంటారు. పంచదార నీరు కాంతి తలాన్ని కుడివైపుకు తిప్పుతుంది; తెగిపోయాక కుడివైపుకు తిప్పే గ్లూకోజు కంటే ఎడమవైపుకు తిప్పే ఫ్రక్టోజు బలం ఎక్కువ గనుక మొత్తం మీద తిరుగుడు ఎడమకు మళ్ళుతుంది. దిక్కు తారుమారు కావడం వల్ల ఈ మిశ్రమానికి విలోమ చక్కెర అని పేరు వచ్చింది. ఈ మార్పు ఎంత వేగంగా జరుగుతుందో 1850లో జర్మనీలో విల్‌హెల్మీ కొలిచి, మిగిలి ఉన్న పంచదార పరిమాణాన్ని బట్టే వేగం ఉంటుందని సమీకరణం రాశాడు. రసాయన చర్యల వేగాన్ని లెక్కకు తెచ్చిన తొలి ప్రయత్నాలలో ఇది ముఖ్యమైనది.

విల్‌హెల్మీ పేరు వినని అనకాపల్లి ప్రాంతపు బెల్లం వండేవారికి ఈ రసాయనం అనుభవం వల్ల తెలుసు. నరికిన చెరకు ఎండలో పడి ఉంటే దానిలో రసాయన చర్యలను వేగిరపరిచే ఎంజైములూ, కోత దగ్గర చేరిన సూక్ష్మజీవులూ పంచదారను విడగొట్టడం మొదలుపెడతాయి. అందుకే నరికిన చెరకును జాగు చేయకుండా గానుగకు తోలతారు. రసం స్వతహాగా కొంచెం పుల్లనిది. దానిని అలాగే మరిగిస్తే ఆ పులుపూ వేడీ కలిసి పంచదారను విలోమ చక్కెరగా మారుస్తాయి, విలోమ చక్కెర పెరిగిన పాకం గడ్డకట్టదు, కట్టినా తొలకరి తేమకు చెమర్చి కారిపోతుంది. పెనంలోని రసానికి సున్నపు నీళ్ళు తగినంత పోయడం ఈ పులుపును విరచడానికే, మడ్డి తేలి తెట్టుగా రావడం దాని రెండవ ప్రయోజనం. సున్నం ఎక్కువైతే బెల్లం నల్లబడి రుచి చెడుతుంది గనుక ఆ మోతాదు ఎంతో చెప్పగలవాడికే పెనం దగ్గర పెద్దరికం. తాటిచెట్టుకు కట్టే కుండ లోపల సున్నం పూస్తే నీరాగా దిగే రసం, పూయని కుండలో కల్లుగా మారడానికి మూలం కూడా కొంతవరకు ఇదే. సున్నం లేనిచోట ఈస్టు అనే సూక్ష్మజీవి మొదట పంచదారను రెండుగా విడగొట్టి, తరువాత ఆ రెండింటినీ సారాయిగానూ బొగ్గుపులుసు వాయువుగానూ మారుస్తుంది.

వంటింట్లో మాత్రం పంచదారను విడగొట్టే ఇదే చర్య కోరి తెచ్చుకునేది. మిఠాయి పాకంలో రెండు చుక్కల నిమ్మరసం పిండితే కొంత పంచదార గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడిపోతుంది. ఆ కొత్త అణువులు అడ్డుపడి మిగిలిన పంచదారను వరసగా పేరుకోనివ్వవు, పాకం పలుకు కట్టకుండా తీగ సాగుతూ నిలుస్తుంది.

మిగతా జంట చక్కెరలలో పాలచక్కెర అయిన లాక్టోజు ఒక గాలక్టోజు, ఒక గ్లూకోజుల కూర్పు. ఆవుపాలలో ఇది అయిదు శాతానికి కొంచెం తక్కువగానూ, తల్లిపాలలో ఏడు శాతం దాకానూ ఉంటుంది. దీనిని తెంచే లాక్టేజు అనే ఎంజైము పెద్దయ్యాక తగ్గిపోయినవారికి పాలు పడవు, పెరుగు పడుతుంది, తోడులోని సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంత భాగాన్ని ముందే లాక్టిక్ ఆమ్లంగా మార్చి ఉంటాయి గనుక. రెండు గ్లూకోజులు ముడిపడితే మాల్టోజు. రాగులను నానబెట్టి మొలకెత్తించి, ఎండబెట్టి విసిరిన పిండితో కాచిన జావ మామూలు రాగి జావకంటే పల్చగా, కొద్దిగా తియ్యగా ఉండడానికి కారణం, మొలకలో పుట్టిన అమైలేజు అనే ఎంజైము పిండిని మాల్టోజుగా తెంచడమే.

ఇక పిండి. వందల, వేల ఆల్ఫా గ్లూకోజులు ఒకదాని ఒకటవ కార్బన్, మరొకదాని నాలుగవ కార్బన్ చొప్పున ముడిపడుతూ పోతే వచ్చే గొలుసు తిన్నగా సాగదు. ప్రతి ముడి దగ్గరా కొంచెం కొంచెంగా వంగి మెలికల చుట్టగా తయారవుతుంది. కొమ్మలు లేని గొలుసును అమైలోజు అనీ, పాతిక ముప్పై గ్లూకోజులకు ఒక కొమ్మ చొప్పున చీలిన దానిని అమైలోపెక్టిన్ అనీ అంటారు, సాధారణ పిండిలో మొదటిది 20 నుంచి 30 శాతం. అయోడిన్ చుక్క పడితే పిండి నల్లని నీలంగా మారడం ఆ చుట్ట లోపలి బోలులోకి అయోడిన్ దూరడం వల్లనే. బియ్యం ఉడకడమంటే, గింజలో బిగుసుకుని ఉన్న ఈ గొలుసుల మధ్యకు వేడినీరు చొరబడి అవి ఉబ్బి విడిపోవడం. చల్లారాక గొలుసులు, ముఖ్యంగా అమైలోజు, మళ్ళీ దగ్గరికి చేరి నీటిని బయటికి నెట్టి బిగుసుకుంటాయి. రాత్రి అన్నం తెల్లవారేసరికి గట్టిపడేది ఇందుకే. అమైలోజు ఎక్కువ ఉన్న బియ్యపు అన్నం పొడిపొడిగా, తక్కువ ఉన్న బియ్యపు అన్నం ముద్దగా ఉండేదీ ఇందుకే. గంజి పెట్టిన నూలుచీర ఆరితే బిరుసెక్కడంలోనూ, ఆత్రేయపురంలో కాలిన కుండ మీద పల్చని బియ్యపు జాలు క్షణంలో పూతరేకుగా లేచి రావడంలోనూ పనిచేసేది ఆ గొలుసులు అల్లుకునే గుణమే.

ఇవే గ్లూకోజులు బీటా రూపంలో ముడిపడ్డాయనుకుందాం. అప్పుడు ప్రతి అణువూ తన పక్కదానికి తలకిందులుగా తిరిగి కూర్చోవలసి వస్తుంది, గొలుసు వంగడానికి వీలు లేక నిటారుగా సాగుతుంది. నిటారు గొలుసులు పక్కపక్కన పేర్చుకుని హైడ్రోజన్ బంధాలతో బిగుసుకోగా నీటికి లొంగని గట్టి పోగు తయారవుతుంది. ఇదే సెల్యులోజు, పత్తి దూదిలో నూటికి తొంభై వంతులకు పైగా ఇదే, గడ్డి పోచను నిలబెట్టేదీ ఇదే. ఎంజైము తనకు సరిపడే ఆకారం మీదే పని చేయగలదని, అది తాళానికి తాళంచెవి అమరినట్టు ఉంటుందని 1894లో ఫిషరే చెప్పాడు. మనిషి నోటిలోనూ కడుపులోనూ ఆల్ఫా ముడికి చెవి ఉంది, సెల్యులోజులోని బీటా ముడికి లేదు. ఆవుకూ సొంతంగా లేదు. దాని పొట్టలోని మొదటి గదిలో నివసించే సూక్ష్మజీవులకు ఉంది. అవి గడ్డిలోని గ్లూకోజును విడదీసి తామే వాడుకుని, ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలను విడిచిపెడతాయి. ఆవు కాలేయం ఆ ప్రొపియోనిక్ ఆమ్లం నుంచి గ్లూకోజును తిరిగి నిర్మిస్తుంది, పొదుగు ఆ గ్లూకోజుతో పాలచక్కెరను తయారు చేస్తుంది. మనిషి కడుపు నేరుగా తీసుకోలేని గడ్డి చక్కెర ఇంత చుట్టుదారిన గ్లాసుడు పాలలోకి వచ్చి చేరుతోంది.

మనిషి తిన్న పిండి గ్లూకోజుగా తెగి రక్తంలో చేరుతుంది. పరగడుపున ఆరోగ్యవంతుని రక్తంలో డెసీలీటరుకు 70 నుంచి 100 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉంటుంది. అయిదు లీటర్ల రక్తానికి లెక్క వేస్తే మొత్తం ఒక చెంచాడు కూడా మించదు. మిగులును కాలేయం, కండరాలు గ్లైకోజెన్ అనే విపరీతంగా కొమ్మలు వేసిన గొలుసుగా కట్టి దాచుకుంటాయి. గ్రాముకు సుమారు నాలుగు కిలో కేలరీల చొప్పున గ్లూకోజు ఇచ్చే శక్తిలో కణాలు పట్టి ఉంచుకోగలిగినంతను ఏటీపీ అనే ఫాస్ఫేటు పదార్థంలో నిలవ చేస్తాయి. కండరాలలో ఆ ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టి, అమెరికాలోని హార్వర్డులో పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. అంతకు ముందు 1925లో అక్కడి సహచరుడు ఫిస్క్‌తో కలిసి ఆయన రూపొందించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి జీవరసాయన ప్రయోగశాలలలో నేటికీ వారి పేర్లతోనే వాడుకలో ఉంది. ఆయనకు స్వదేశంలో రావలసినంత పేరు రాలేదన్నది కాదనలేని విషయం. ఇక రక్తంలో క్షణకాలం విచ్చుకున్న గ్లూకోజు గొలుసు, ఎర్రకణాలలోని హీమోగ్లోబిన్‌కు అంటుకుని ఉండిపోతుంది. ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు గనుక, అంటుకున్నది ఎంతో కొలిచే హెచ్‌బీఏ1సీ పరీక్ష గడిచిన మూడు నెలల సంగతి చెప్పగలుగుతుంది.

ఈ రసాయనం తెలిసినవారికి కొన్ని వ్యాపార ప్రకటనలు నిలవవు. బెల్లంలో ఇనుము, ఖనిజాలు కొంత ఉన్న మాట నిజమే గాని, దానిలో అధికభాగం పంచదారే, మిగిలినదానిలో చాలా వరకు గ్లూకోజు, ఫ్రక్టోజు. మధుమేహ రోగికి అది పంచదారకు బదులు కాదు. తేనె సంగతీ అంతే. పొట్లం మీద పంచదార కలపలేదని రాసి, కూర్పులో మాల్టోడెక్స్‌ట్రిన్ అని ఉంటే, అది పొట్టి గ్లూకోజు గొలుసుల పొడి అనీ, తియ్యగా లేకపోయినా రక్తంలోకి త్వరగా గ్లూకోజుగానే చేరుతుందనీ గ్రహించాలి.

మధుమేహానికి మందు వాడుతున్న శ్రోతలు, వారి ఇంటివారు మరొక విషయం గుర్తుంచుకోవాలి. అకార్బోజు, వోగ్లిబోజు అనే మాత్రలు పేగులో ఆల్ఫా ముడిని తెంచే ఎంజైములను అడ్డుకుని, పిండీ పంచదారా గ్లూకోజుగా మారడాన్ని ఆలస్యం చేస్తాయి. వీటితోపాటు ఇన్సులిన్ గాని ఇతర మాత్రలు గాని తీసుకుంటున్న మనిషికి రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు, వణుకు పుట్టినప్పుడు, అలవాటు కొద్దీ పంచదార గాని బెల్లం గాని పెడితే అది అనుకున్నంత త్వరగా పని చేయదు. స్పృహలో ఉన్నంతవరకు ఆ మనిషికి మందుల దుకాణంలో దొరికే గ్లూకోజు పొడినే నీటిలో కలిపి ఇవ్వాలి, స్పృహ తప్పితే నోట ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ఆ మాత్రలు వాడేవారి ఇంట గ్లూకోజు పొట్లం ఒకటి ఎప్పుడూ అందుబాటులో ఉండడం అవసరం.